ఇన్వర్నెస్‌కి మూడో అర్థం

మా చెల్లెలు మా ఇంటికి రావడానికి పావుగంట చాలు. వెళ్ళడానికి గంటన్నర కావాలి. దారి అదే, బస్సు అదే. తేడా అంతా మా గుమ్మం దగ్గరే.

"సరే అక్కా, వెళ్తా, బోలెడు పనుంది" అంటుంది. లేస్తుంది. సంచి భుజానికి తగిలించుకుంటుంది. గుమ్మం దాటి ఒక కాలికి చెప్పు వేసుకుంటుంది. అంతే, అక్కడ పాతుకుపోతుంది. ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తది, చెయ్యి తలుపు మీద. ఇక వాళ్ళ స్కూలు, వాళ్ళ హెడ్‌మిస్ట్రెస్, పై వాటావాళ్ళు మోటారు ఆపడం మర్చిపోవడం, తన మోకాలు. నేను ఇవతల నిలబడి ఊఁ కొడుతూ ఉండాలి. "కూర్చుని చెప్పవే తల్లీ, నా కాళ్ళు పీకుతున్నాయి" అంటే, "అబ్బే, కూర్చునే టైమెక్కడిదక్కా, వెళ్ళిపోతుంటేనూ" అంటుంది. మా ఆయనైతే "వెళ్తా" అన్న మాట చెవిన పడగానే పేపరు పట్టుకుని వెనక గదిలోకి జారుకుంటారు. ఆయనకేం, మగమహారాజు.

విసుగు రాదా అంటే రాకేం? ఇవాళా నిన్నా కాదు, పాతికేళ్ళుగా వస్తూనే ఉంది. ఆ విసుగే నా కొంప ముంచింది. నా ఒక్కదాని కొంపే అయితే పోనీలే అనుకుందును, దాని కొంప కూడా ముంచబోయింది. అందుకే ఈ గోలంతా చెప్పడం.

నేను పనిచేసేది డిక్షనరీ ఆఫీసులో. ఇంగ్లీషు మాటలకి తెలుగులో అర్థాలు రాస్తాం. కళ్ళజోళ్ళ షాపు పైన మూడు గదులు, గోడల నిండా సొరుగులు, సొరుగుల నిండా చీటీలు. ఏ మాటైనా, ఏ అర్థమైనా మా పుస్తకంలోకి ఎక్కాలంటే ఐదు చీటీలు ఉండాలి. ఐదుగురు మనుషులు, ఐదు చోట్ల, ఆ మాటని ఆ అర్థంతోనే వాడారని రుజువన్నమాట. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎక్కడన్నారు, అన్నీ చీటీ మీద రాయాలి. నాలుగే దొరికితే ఆ మాట ఎంత ముద్దొచ్చినా బయట నిలబడాల్సిందే. మా పెద్దాయన, అంటే మా సంపాదకుడు, ఈ విషయంలో కన్నతండ్రి చెప్పినా వినరు.

ఇంత నిక్కచ్చి మనుషులం, మళ్ళీ మేమే ఒక దొంగపని చేస్తాం. డిక్షనరీ తయారుచేయడానికి మాకు పదేళ్ళు పడితే, దాన్ని కాపీ కొట్టడానికి ఇంకొకడికి పది వారాలు చాలు. అడిగితే "మాటలు అందరివీ కదండీ, అర్థాలు అందరికీ ఒకటే కదండీ" అంటాడు. కాదని ఎలా అంటాం? అందుకని పెద్దాయన ఒక ఉపాయం పెట్టారు. ప్రతి కూర్పులోనూ ఆరు అబద్ధపు అర్థాలు, నిజమైన వాటి మధ్య దూర్చేస్తాం. లోకంలో ఎక్కడా లేని అర్థం వాడి పుస్తకంలో కూడా కనిపించిందంటే ఎక్కణ్ణుంచి ఎత్తాడో వేరే చెప్పక్కర్లేదు. వాటిని మేం దొంగమాటలు అంటాం. ఒక్కో దొంగమాట ఒక్కొక్కరు రాస్తారు. రాసినవాళ్ళకీ పెద్దాయనకీ తప్ప మూడో కంటికి తెలియకూడదు. తర్వాతి కూర్పుకి పాత ఆరూ తీసేసి కొత్తవి పెడతాం, తాళాలు మార్చినట్టు.

ఇరవై రెండేళ్ళ కిందట, రెండో కూర్పుకి, నా వంతు వచ్చింది. ఏం రాయాలో తోచక వారం రోజులుగా కొట్టుకుంటున్నా. ఆ రోజు పొద్దున్నే మా చెల్లెలు దిగింది. కూర్చుని, వాళ్ళ స్కూల్లో సీలింగు పెచ్చులు ఊడుతున్న వైనం గంటసేపు చెప్పింది. లేచింది. ఒక చెప్పు వేసుకుంది. ఇంకేదో మొదలుపెట్టబోయింది. నేను గడియారం చూసి, "బస్సు పోతుందే, తర్వాత మాట్లాడుకుందాం" అని దాన్ని పక్కకి జరిపి, తాళం వేసి పరిగెత్తాను. బస్సు పోనే పోయింది. ఆఫీసులో అడుగు పెట్టగానే పెద్దాయన అక్షింతలు వేశారు. ఒళ్ళు మండిపోతూ కుర్చీలో కూలబడ్డాను. ఎదురుగా 'ఐ' అక్షరం సొరుగు తెరిచి ఉంది. పైనే ఇన్వర్నెస్.

ఇన్వర్నెస్ అంటే ఒక ఊరు. బాగా పైన, ఉత్తరాన, చలిదేశంలో. అది మొదటి అర్థం. ఆ ఊరి పేరుతోనే ఒక పొడుగాటి కోటుంది, చేతులుండవు, భుజాల మీంచి ఇంకో పొర వేలాడుతూ ఉంటుంది. అది రెండోది. రెండూ నిఖార్సైనవి, చీటీలున్నవి. నేను కలం తీసి, పళ్ళు నూరుతూ, మూడోది రాశాను:

"క్రియ. వెళ్తానని లేచి, కోటు తొడుక్కుని కూడా కదలక, గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడుతూ ఉండిపోవు. వాడుక: ఆవిడ ఒక కాలికి చెప్పు వేసుకుని నాలుగింటి నుంచీ ఇన్వర్నెస్ చేస్తూనే ఉంది."

పెద్దాయన చదివి పడీపడీ నవ్వారు. "ఎంత నిజంలా ఉందమ్మా! ఎక్కడ దొరికింది నీకిది?" అన్నారు. ఇంట్లోనే అని చెప్పాను. ఆ ఆరింట్లోకీ దొంగని పట్టిచ్చింది అదొక్కటే. ఎవడో మక్కీకి మక్కీ అచ్చేసుకుని, దొరికిపోయి, నోరెత్తకుండా పుస్తకం వెనక్కి తీసుకున్నాడు. ఆఫీసులో అప్పట్లో నాకు మంచి పేరొచ్చింది. మూడో కూర్పులో ఆ అర్థం తీసేశాం. నేనూ మర్చిపోయాను.

ఒక్కటి మాత్రం చేయకూడనిది చేశాను. ఆ రెండో కూర్పు అచ్చయినప్పుడు ఆఫీసువాళ్ళకి తలా ఒక ప్రతి ఇచ్చారు. నాకెందుకు, పొద్దస్తమానం ఆ మొహమే చూస్తున్నానుగా అని మా చెల్లెలికి ఇచ్చేశాను. ఇంగ్లీషు టీచరు కదా, పనికొస్తుందని. ఆ పూట నా బుర్ర ఎక్కడ గడ్డి మేస్తోందో ఏమో!

ఈమధ్య ఒక బుధవారం సాయంత్రం అది స్కూలు నుంచి తిన్నగా మా ఇంటికొచ్చింది. టీ తాగింది. టైలరు జాకెట్టు బిగుతుగా కుట్టాడంది. బస్సులో ఎవరో గొడుగు మర్చిపోయారంది. గంట గడిచింది. "సరే అక్కా, వెళ్తా" అంది. మా ఆయన పేపరు అందుకున్నారు. అది గుమ్మం దాటి, ఒక చెప్పు వేసుకుని, తలుపు మీద చెయ్యేసి, "అన్నట్టు అక్కా, నా మీద విచారణ వేశారు" అంది.

"ఏం విచారణే?"

"పది స్కూళ్ళకి కలిపి పెట్టే పరీక్షకి ఈసారి ఇంగ్లీషు పేపరు నేనే ఇచ్చానుగా. అందులో ఒక ప్రశ్న ఉంది, రెండు మార్కులది. ఒక్క పిల్ల కూడా రాయలేదు. ఒక పిల్ల తండ్రి లాయరట, ఉన్న డిక్షనరీలన్నీ తిరగేశాడట. అలాంటి అర్థం లోకంలోనే లేదని పిటిషను పెట్టాడు. నేను కల్పించానంటున్నారక్కా!"

"ఏమిటా మాట?"

"ఇన్వర్నెస్. మూడో అర్థం."

నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే తలుపు పట్టుకున్నాను. దొంగకి తేలు కుట్టినట్టంటారే, ఆ సామెతకి చీటీ కావాలంటే ఆ క్షణంలో నా మొహం చూసి రాసుకోవచ్చు.

"అన్ని మాటలుండగా అదే దొరికిందా నీకు?" అన్నాను. గొంతు అరుపులా వచ్చింది.

"ఎంత బాగుంటుందక్కా ఆ అర్థం! మా హెడ్‌మిస్ట్రెస్‌కి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. స్టాఫ్ రూంలోంచి వెళ్తానని లేస్తుంది, గుమ్మం వదలదు, మా ప్రాణాలు తోడేస్తుంది. ఆవిణ్ణి చూసినప్పుడల్లా నాకు ఆ పేజీయే గుర్తొస్తుంది. ఆ నవ్వులోనే ప్రశ్న పెట్టేశా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు మా చెల్లెలు. గుమ్మడికాయ చంకలో పెట్టుకుని పక్కింటివాణ్ణి చూపించే రకం. అది ఆ ముక్క చెబుతున్నంతసేపూ దాని ఒక కాలు ఉత్తదే.

"మరి పేపరిచ్చేవాళ్ళు రూలు ప్రకారం రెండు డిక్షనరీల్లో చూసుకోవాలిగా?" అన్నాను, తప్పు దాని మీదికి నెట్టడానికి సందు దొరుకుతుందేమోనని. సిగ్గులేని మాటే. అన్నాను.

"మా అక్క రాసిన పుస్తకం ఇంట్లో పెట్టుకుని రెండోది ఎందుకు చూస్తాను?" అంది. "విచారణలో కూడా అదే చెప్పా. పుస్తకం చూపించి, ఇది మా అక్క చేసిందండీ, ఐదు చీటీలు లేనిదే ఒక్క అర్థం కూడా ఎక్కించరు అని గట్టిగా చెప్పా. వాళ్ళు మీ ఆఫీసుకి ఉత్తరం రాశారట. మీరు అవునని ఒక్క ముక్క రాస్తే చాలు. వచ్చే టర్ముకి హెడ్‌మిస్ట్రెస్ పదవికి నా పేరే పైన ఉంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. తప్పు నాదని తేలితే పేరు కొట్టేస్తారు. ఇంక జన్మలో పేపరివ్వనివ్వరు. పదవి పోతే పోనీ అక్కా. కల్పించిందీ అంటే ఎలా? క్లాసులోకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

ఇవన్నీ లోపల, ఫ్యాను కింద, కుర్చీలో కూర్చుని చెప్పచ్చు కదా! చెప్పదు. జాకెట్టు సంగతి కుర్చీలో, ఉద్యోగం సంగతి గుమ్మంలో. తలబాదుకుంటూ, "నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళు" అన్నాను. ఇంకో అరగంటకి వెళ్ళింది.

మర్నాడు ఆఫీసుకెళ్ళేసరికి ఉత్తరం నా బల్ల మీదే ఉంది. ఉత్తరాలకి జవాబులు రాసే పని నాదే, నా ఖర్మ. మూడో అర్థం మీదేనా, నిజమైనదేనా, నిజమైతే చీటీలు చూపించగలరా, సోమవారం లోపల తెలపండి అని ఉంది. పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్ళాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. "అచ్చు పొరపాటు అని రాసెయ్యమ్మా" అన్నారు. "తర్వాతి కూర్పులో తొలగించాం. పాత ప్రతులు వాడేవాళ్ళు సరిచూసుకోవలసిన బాధ్యత వాళ్ళదే. రెండు ముక్కలు. అయిపోయింది."

"అలా రాస్తే ఆ టీచరు మెడకి చుట్టుకుంటుందండీ. సరిచూసుకోలేదని పేరు కొట్టేస్తారు."

"పాపం. కానీ సరిచూసుకోవాలిగా మరి?"

"ఆవిడ మా చెల్లెలండీ."

పెద్దాయన కళ్ళజోడు తీసేసి నా వంక చూశారు. నెమ్మదిగా, "ఇప్పుడు బజార్లో ఉన్న కూర్పులో ఆరున్నాయి" అన్నారు. "ఒకటి కావాలని పెట్టామని నోరుజారితే, మిగతావి ఏవో చెప్పమంటారు. రేపట్నుంచి ఎవడు ఏ అర్థం చూసినా, ఇది నిజమా, దొంగదా అనే అనుకుంటాడు. నమ్మకం పోయాక డిక్షనరీ తలగడకి కూడా పనికిరాదమ్మా."

"నమ్మినందుకేగా అది ఇరుక్కుంది!"

"ఇల్లంతా నిజమే. తాళం ఒక్కటే అబద్ధం. తాళం కూడా లేకపోతే ఇల్లు మిగలదు."

మాటలు ఆయనకి కొత్తా? నలభై ఏళ్ళుగా వాటితోనే బతుకుతున్నారు. వచ్చి నా కుర్చీలో కూర్చుని ఆయన చెప్పినట్టే టైపు చేశాను. "అచ్చు పొరపాటు" అన్నచోట చెయ్యి ఆగిపోయింది. పొరపాటేమిటి? అంతకన్నా జాగ్రత్తగా నేను ఏ అర్థమూ రాయలేదు. చదివినవాళ్ళు నమ్మితీరాలని, వాడుక కూడా కల్పించి, చెప్పుతో సహా పెట్టి రాశాను. అడకత్తెరలో పోకచెక్కలా ఆ రోజూ, మర్నాడూ నలిగాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. కూర మాడ్చాను, అంతే.

శనివారం పొద్దున్న ఆఫీసుకెళ్ళి ఇంకో కాగితం పెట్టాను. "ఆ మూడో అర్థం అచ్చు పొరపాటు కాదు. నేను కావాలని కల్పించినది. మా పుస్తకాన్ని దొంగిలించేవాళ్ళని పట్టుకోవడానికి, నమ్మితీరేలా రాయడమే అప్పుడు నా పని. ఆ టీచరు నమ్మారంటే అందులో ఆవిడ అజాగ్రత్త లేదు. కల్పించింది ఆవిడ కాదు, నేను." కింద నా సంతకం. పట్టుకెళ్ళి పెద్దాయన బల్ల మీద పెట్టాను.

ఆయన చదివారు. అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది. "ఆఫీసు కాగితం మీద వద్దు. నీ సొంత కాగితం మీద రాసుకో" అన్నారు. "ఈ కూర్పు అయ్యాక నీ దారి నువ్వు చూసుకో అమ్మా." అంతే. సొరుగుల తాళంచెవుల గుత్తి ఇమ్మని చెయ్యి చాపారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నా కొంగున ఉన్న గుత్తి. ముడి విప్పడానికి నాకు కాస్త టైము పట్టింది.

సరే, అయిందేదో అయింది, దీని ఉద్యోగం దక్కుతుంది కదా అనుకుంటూ ఇంటికొచ్చాను. సాయంత్రం అది వచ్చింది. టీ తాగింది. పై వాటావాళ్ళ మోటారు గురించి చెప్పింది. సొంత కాగితం మీద తిరగరాసిన ఉత్తరం నా సంచిలోనే ఉంది. తీద్దామనుకున్నప్పుడల్లా దాని కప్పులో ఇంకాస్త టీ పోశాను. "సరే అక్కా, వెళ్తా" అంది. గుమ్మం దాటింది. ఒక చెప్పు వేసుకుంది. అప్పుడు తీసి చేతిలో పెట్టాను.

నిలబడి చదివింది. మొదట దానికి అర్థం కాలేదు. మళ్ళీ చదివింది.

"కల్పించావా?" అంది.

"ఊఁ."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పకూడదే. ఆఫీసు రూలు. ఇప్పుడు చెబుతున్నందుకు ఉద్యోగం కూడా పోయింది."

అది చివరి మాట విన్నట్టు లేదు. పెదాలు కదుపుతూ ఏదో గుర్తు తెచ్చుకుంటోంది. దానికి ఆ పేజీ కంఠతా వచ్చు. "ఒక కాలికి చెప్పు వేసుకుని..." అని పైకే అంది. తల దించి తన కాళ్ళు చూసుకుంది.

ఆ చూపు నేను చూడలేకపోయాను. భూమి బద్దలై నన్ను మింగేసినా బాగుండుననిపించింది.

"ఎప్పుడు రాశావిది?" అంది.

"ఎప్పుడో. పాత సంగతి. నువ్వొచ్చి, నా బస్సు తప్పిపోయిందే ఒక రోజు, మీ స్కూలు సీలింగు ఊడుతోందన్నావు..."

"ఆ రోజా?" అంది.

ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టింది. రెండో చెప్పు వేసుకుంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

మా ఆయన వెనక గదిలోంచి వచ్చి, "అదేమిటి, అప్పుడే వెళ్ళిపోయిందా?" అన్నారు. ఆయన మీద విరుచుకుపడ్డాను. ఎందుకో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

సోమవారం ఉత్తరం నేనే తీసుకెళ్ళి విచారణవాళ్ళ చేతికిచ్చి వచ్చాను. ఆ వారం అది రాలేదు. ఫోను చేస్తే మా మరిది ఎత్తి, "పేపర్లు దిద్దుకుంటోంది వదినా" అన్నాడు. రెండో వారమూ రాలేదు. పాతికేళ్ళుగా ఎప్పుడు కదులుతుందా అని ఎదురుచూసిన దాన్ని, ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి ఆ గుమ్మం వంక చూస్తూ కూర్చుంటున్నాను. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఉంటే ఒక బాధ, లేకపోతే ఇంకో బాధ, ఇదెక్కడి మనిషి! పైగా ఆ "ఆ రోజా?" ఒకటి చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఆ రోజు ఏముంది? సీలింగు. ఇంకేముంది?

మూడో వారం మరిదే ఫోను చేశాడు. విచారణ కొట్టేశారట, హెడ్‌మిస్ట్రెస్‌గా ఆర్డరు వచ్చిందట. ఆ కబురు అది చెప్పాలి, వాడు చెప్పాడు. ఇంక ఉండబట్టలేక, ఆదివారం పొద్దున్నే బయల్దేరాను.

తలుపు అదే తీసింది. "రా అక్కా" అంది, ఎవరో పరాయివాళ్ళని పిలిచినట్టు. కూర్చున్నాను. టీ ఇచ్చింది. కర్టెన్లు మార్చావా అన్నాను. ఉతికానంది. ఆఫీసులో ఇప్పుడు ప్రూఫులు చూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారని చెప్పాను. ఊఁ అంది. మా టైలరు గురించి కూడా చెప్పాను, దేవుడా, ఎందుకో తెలియదు. గంట గడిచింది. అడగాల్సింది ఒక్కటీ నోటికి రాలేదు.

"సరేనే, వెళ్తా" అని లేచాను. అది ఆపలేదు. గుమ్మం దాటాను. ఒక కాలికి చెప్పు వేసుకున్నాను. రెండో చెప్పు కోసం కాలు పెట్టబోయి, వెనక్కి తిరిగాను.

"ఆ రోజు ఏం చెప్పడానికి వచ్చావే?" అన్నాను.

అది తలుపు అవతల నిలబడి ఉంది. వంటింట్లో పొయ్యి మీద పాలు. అటు చూస్తూ, "అంతకుముందు రోజు డాక్టరు చెప్పింది, ఇంక పిల్లలు పుట్టరని" అంది. "ఆయనకి కూడా చెప్పలేదు. ముందు నీకు చెబుదామని వచ్చా. లోపల కూర్చున్నంతసేపూ రాలేదు. సీలింగు వచ్చింది. గుమ్మం దగ్గర వచ్చేలోపు నువ్వు గడియారం చూశావు."

"తర్వాత చెప్పావుగా..."

"మూడు నెలల తర్వాత. ఫోన్లో."

మూడు నెలలు. ఆ మూడు నెలలూ నేను ఆఫీసులో ఆ అర్థం తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటున్నాను. ఒక చెప్పుతో అక్కడే నిలబడి ఏడ్చాను. "తప్పయిపోయిందే" అన్నాను. "నీ మాటకి అడ్డం పడి పరిగెత్తాను, పైగా నిన్ను పుస్తకంలో పెట్టి ఆడిపోసుకున్నాను. నాకు బుద్ధి లేదు. ఇంట్లో కూర్చుని ఈ ముక్క అనలేకపోయాను చూడు, దిక్కుమాలిన దాన్ని, గుమ్మం దాకా వస్తే గానీ రాలేదు."

"నాకు మాత్రం వచ్చేదా?" అంది అది.

ఇంక ఆగలేదు నేను. ఉద్యోగం పోయినందుకు ఎంత కడుపుమంటగా ఉందో చెప్పాను, తాళంచెవుల గుత్తి గురించి చెప్పాను, అది లేని కొంగు తేలిగ్గా ఉండి అస్తమానం తడుముకుంటున్నానని చెప్పాను. పెద్దాయన్ని తిట్టాను, మళ్ళీ పాపం అన్నాను. మరిది ఒకసారి వచ్చి చూసి పేపరు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అది ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. పాలు పొంగిన వాసన వచ్చింది. అది లోపలికి పరిగెత్తి పొయ్యి ఆర్పి, చేతిలో మసిగుడ్డతో వచ్చి, కస్సుమంది.

"అక్కా! ఇన్వర్నెస్ చేయకు ఇంక. లోపలికొస్తే రా, లేదంటే వెళ్ళు. నా కాళ్ళు పీకుతున్నాయి."

ఆ మాట అన్నది కొత్త హెడ్‌మిస్ట్రెస్. అన్నచోటు ఆవిడ సొంత గుమ్మం. ఆదివారం, పదకొండున్నర. సంచిలో చెయ్యి పెట్టి చీటీ కోసం వెతికాను, ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు. దొరికింది బస్సు టిక్కెట్టు. దాని వెనకాల రాసుకున్నాను. ఇంకా నాలుగు కావాలి.

"ఏం రాస్తున్నావ్?" అంది.

"చెబుతా" అని, వేసుకున్న ఆ ఒక్క చెప్పూ విప్పేసి లోపలికి వెళ్ళి కూర్చున్నాను.